ఎదురు చెప్పని కూతురు

"మా అమ్మాయి నాకు మర్యాద ఇస్తోందయ్యా. ఫిర్యాదు రాసుకోండి."

పెద్దావిడ ఆ మాట అనగానే నేర పరిశోధన విభాగంలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. టీ తాగుతున్న ఒకాయనకి పొలమారింది. నవ్వనివాడు ఒక్కడే, మూలబల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఆఫీసులో అతన్ని నత్త అంటారు. వెనకాలా అంటారు, మొహం మీదా అంటారు. కేసు చేతికొస్తే అంగుళం అంగుళం జరుగుతాడు, జిగురులా పట్టుకుని వదలడు. అతని ఎదురుబల్ల మెరుపు అని పేరు పడ్డవాడిది. పొద్దున పట్టిన కేసు పొద్దుగూకే లోపల మూసెయ్యకపోతే మెరుపుకి అన్నం సహించదు.

"అమ్మా, నిన్న నేను మీ ఇంటికొచ్చానా లేదా?" అన్నాడు మెరుపు నవ్వు ఆపుకుంటూ. "మీ అమ్మాయితో స్వయంగా మాట్లాడానా లేదా? 'బాగానే ఉన్నాను సార్, అమ్మ ఊరికే కంగారు పడుతుంది' అందా లేదా? ఇంకేం కావాలి మీకు?"

"అదే కదయ్యా నేను చెప్పేది. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ అది నోరు మూసుకుని వింది."

"వింటే తప్పా?"

"తప్పే. మాటలొచ్చిన నాటి నుంచీ అది నా మాట ఒక్కటి పూర్తి కానివ్వలేదు. నేను సగం చెప్పేసరికి మిగతా సగం అదే చెప్పేసి, దానికి జవాబు కూడా అదే ఇచ్చుకుంటుంది. ఇంట్లో పిచ్చుక అని పిలిచేది ఊరికేనా? అలాంటిది వారంగా నేను ఏం చెప్పినా బుద్ధిమంతురాలిలా వింటోంది. నేను ఆగానని రూఢి చేసుకుని అప్పుడు నోరు తెరుస్తోంది. 'అలాగేనమ్మా' అంటోంది. దాని నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు." ఆవిడ చేతిలో సంచిని బల్ల మీద పెట్టింది. "ఎవరో దాన్ని బెదిరించి కూర్చోబెట్టారు. దాని పక్కన ఎవరో ఉన్నారు."

మెరుపు ఫైలు మీద అరచేత్తో చరిచాడు. "కూతురు మాట వింటోందని పోలీసుల దగ్గరకొచ్చిన తల్లిని నా సర్వీసులో చూడలేదు. ఏం నత్తా, నీకు కావాలా? నేను మూసేసిందే. తెరుచుకుని అందులో పాకుతూ కూర్చో."

నత్త లేచి చొక్కా సర్దుకున్నాడు.

"పదండి పెద్దమ్మా. మీ అమ్మాయిని నాకూ ఒకసారి చూపిద్దురు గాని."

*

పిచ్చుక పనిచేసేది ఒక పరిశోధన సంస్థలో. దూరాన ఉన్న మనుషుల్ని ఒకే చోట కూర్చున్నట్టు చేయడం ఎలా అన్నదే అక్కడివాళ్ల పని. ఆ ఊరు ఇక్కడికి మూడు గంటల ప్రయాణం. తల్లి వంటింట్లో బల్లకి ఆనుకుని, గోడ మీద వాళ్లు బిగించిన నిలువెత్తు తెర ఉంది. దాన్ని కిటికీ అంటారు. అవతల కూతురి క్వార్టర్‌లోనూ అలాంటి బల్లే, అలాంటి కిటికీయే. ఇక్కడి బల్ల అంచూ అక్కడి బల్ల అంచూ కలిసిపోయి ఒకే బల్లలా కనిపిస్తాయి. రెండేళ్లుగా తల్లి ఇటు కూర తరుగుతూంటే కూతురు అటు కాఫీ తాగుతుంది. ఫోను చేసుకున్నట్టు ఉండదది, పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఆవిడ కిటికీ మీద వేలితో తట్టింది. రెండు క్షణాల్లో అవతల కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. నుదుటి మీద పడే జుట్టు, చురుకైన కళ్లు. కూర్చోగానే రెండు చేతులూ ఎత్తి ఒక్కసారి చప్పట్లు చరిచింది.

"ఆ చప్పట్లేమిటి?" అన్నాడు నత్త, పక్కకి జరిగి గొంతు తగ్గించి.

"ఇదీ కొత్తే. వచ్చి కూర్చుంటే చాలు, కోడిపిల్లల్ని అదిలించినట్టు ఒకసారి చరుస్తోంది. ఇదివరకు లేదు."

"సరే. మీ అమ్మాయికి ఏ మాటంటే ఒళ్లు మండుతుంది?"

"దాని వంట మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"ఎత్తండి. మీరు ఆపొద్దు. నేనూ పక్కనుంచి ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను. ఇద్దరిలో ఎవరం నోరు ముయ్యొద్దు."

ఆవిడ బల్ల ముందు కూర్చుని, కూర తరిగే కత్తి చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకుంది. "ఏమే, నీ వంట సంగతి ఈ సారుకి చెబుతున్నాను. నువ్వు మంచినీళ్లు కాచినా మాడు వాసనొస్తుంది. నువ్వు ఉడకబెట్టిన గుడ్డుని గోడకేసి కొడితే గోడకి సొట్ట పడింది..."

"మా జీపు గేరు మార్చినప్పుడల్లా గేదె అరిచినట్టు అరుస్తుందమ్మా," అని నత్త మొదలుపెట్టాడు. "మెకానిక్కి చూపిస్తే ఏమన్నాడంటే..."

ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడి వంటిల్లు సంతలా తయారైంది. కిటికీలో అమ్మాయి తల్లి వైపు తల తిప్పింది. నత్త వైపు తిప్పింది. మళ్లీ తల్లి వైపు. పెదాలు కొద్దిగా విడివడతాయి, మాట మొదలవబోతుంది, ఇటు శబ్దం ఇంకా ఉందని తెలిసి మళ్లీ కలుసుకుంటాయి. నవ్వు చెదరదు. ముడి పడని నుదురు. గేదె నుంచి ఎద్దు దాకా, ఎద్దు నుంచి టైర్ల ధర దాకా నత్త లాగాడు. తల్లి గుడ్డు నుంచి మాడిన గిన్నెలకీ, గిన్నెల నుంచి చిన్నప్పటి అలకలకీ వెళ్లింది. ఆ అమ్మాయి అలా చూస్తూనే ఉంది. విసుగు లేదు. కోపం లేదు. మనిషన్న ప్రాణికి ఉండే ఓపిక ఎప్పుడో దాటిపోయింది.

ముందు తల్లి నోరే ఆగింది. చేతిలో కత్తి జారి బల్ల మీద పడింది. నత్త కూడా ఆగాడు.

అప్పుడు కిటికీలోంచి తియ్యగా వచ్చింది. "అలాగేనమ్మా. నువ్వు చెప్పింది నిజమే. ఇంకేంటి విశేషాలు?"

పెద్దావిడ కుర్చీని నేల మీద కీచుమనిపిస్తూ వెనక్కి నెట్టుకుంది. నెత్తురంతా దిగిపోయి మొహం సున్నం కొట్టినట్టు అయింది.

"దాని మొహమే. దాని గొంతే," అంది. "కానీ అది కాదయ్యా." ఆవిడ కిటికీ వైపు వేలు చూపించింది. "మరి ఈ వారం రోజులూ నేను ఎవరి పక్కన కూర్చుని కూరలు తరిగాను?"

కిటికీలో అమ్మాయి ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగి, నవ్వింది.

*

నాలుగు దాటేసరికి నత్త ఆ సంస్థ ఆవరణలో ఉన్నాడు. డైరెక్టర్ దగ్గరికి వెళ్లకుండా ముందు కాపలాదారుతో పిచ్చుక క్వార్టర్ తాళం తీయించాడు.

గుమ్మం పక్కన రోజూ వేసుకునే చెప్పులు. బాత్రూంలో బ్రష్షు, దాని మీద ఎండిపోయిన పేస్టు. ఊరెళ్లిన మనిషి వదిలివెళ్లే వస్తువులు కావవి. మంచం మీద పరుపు ఉంది, దుప్పటి లేదు. ముందు గదిలో బల్ల, బల్ల వెనక కిటికీ. కిటికీ ఆరిపోయి బొగ్గులా నల్లగా ఉంది. కుర్చీ మీద పలచగా దుమ్ము.

నత్త కుర్చీ ముందు నిలబడి పెద్దావిడకి ఫోను చేశాడు.

"పెద్దమ్మా, ఒక్కసారి మళ్లీ కిటికీ తట్టగలరా?"

"నా వల్ల కాదయ్యా. దాని మొహం మళ్లీ చూడలేను."

"మీ అమ్మాయి కోసం. ఒక్కసారి."

అటు నుంచి తట్టిన చప్పుడు వినిపించింది. ఇటు కిటికీ నల్లగానే ఉంది.

"వచ్చింది," అంది ఆవిడ. "కూర్చుంది. చప్పట్లు కొట్టింది."

"దాని వెనకాల ఏముంది?"

"దాని గదే. బీరువా. నీలం పరదా."

నత్త తల తిప్పి చూశాడు. బీరువా ఉంది. నీలం పరదా ఉంది. వాటి ముందు ఖాళీ కుర్చీ ఉంది. వేలు పెట్టి గీస్తే దుమ్ములో చార పడింది. పాతికేళ్ల సర్వీసులో శవాలు చూశాడు, తెగిన చేతులు చూశాడు. ఇలాంటి ఖాళీ కుర్చీని ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడేం చేస్తోంది?"

"నన్ను చూసి నవ్వుతోందయ్యా," అంది ఆవిడ ఏడుపు గొంతుతో. "కూర్చుని నవ్వుతోంది."

*

డైరెక్టర్ గది అద్దాల గోడల వెనక. బయట హాల్లో కుర్రాళ్లు పరీక్షలు చేసుకుంటున్నారు. ఒక్కొక్కరూ తెర ముందు కూర్చోగానే చేతులెత్తి ఒకసారి చప్పట్లు చరిచి పని మొదలుపెడుతున్నారు. నత్త నిలబడి ముగ్గుర్ని చూశాడు. నాలుగోసారి చప్పట్లు విన్నాక లోపలికి వెళ్లాడు.

డైరెక్టర్‌ది నున్నగా గీసుకున్న గడ్డం, నున్నని మాట. "రండి రండి. కాఫీ చెప్పనా?"

"ఆ చప్పట్లెందుకు సార్?"

"అదా! గొంతూ బొమ్మా కలిసి కదులుతున్నాయో లేదో సరిచూసుకోవడానికి. చెయ్యి తగిలిన క్షణం, చప్పుడు వచ్చిన క్షణం ఒకటి కావాలి. రికార్డు చేసే ముందు ప్రతివాళ్లూ కొట్టాల్సిందే. చేతికి అలవాటైపోయింది. మావాళ్లు పెళ్లి ఫోటో దిగినా ముందు చరుస్తారు."

"ఇళ్లలో పెట్టిన కిటికీల దగ్గర కూడానా?"

"ఛఛ. ఇళ్లలో మాటలు మేం రికార్డు చేయం. అది మా నియమం. అమ్మాకూతుళ్లు ఏం మాట్లాడుకుంటే మాకెందుకు?"

"మరి పిచ్చుక వాళ్లమ్మ ముందు ఎందుకు కొడుతోంది?"

డైరెక్టర్ కనురెప్పలు ఒకసారి ఎక్కువ ఆడాయి. "అలవాటులో..."

"రెండేళ్లు లేని అలవాటు వారం కిందట పుట్టిందా? ఇంట్లో రికార్డులు లేవు కాబట్టి, ఇక్కడి రికార్డుల్లోంచి మనిషిని కుట్టారు. ఇక్కడ ప్రతి రికార్డూ చప్పట్లతోనే మొదలవుతుంది. అందుకని మీరు కుట్టిన పిల్ల కూడా చప్పట్లతోనే మొదలవుతోంది. అవునా?"

"మీకు మా పని అర్థం కాలేదు. మేం దాన్ని అతుకు అంటాం. లైను రెప్పపాటు తెగిందనుకోండి, బొమ్మ బిగుసుకుపోతుంది, పక్కన కూర్చున్నామన్న భ్రమ పోతుంది. అందుకని ఆ రెప్పపాటులో మనిషి ఏం చేసేదో యంత్రమే ఊహించి అతుకు వేస్తుంది. తల ఊపడం, చిన్న నవ్వు. అంతే. రెప్పపాటు మాత్రమే."

"రెప్పపాటు వారం సాగితే?"

తలుపు ధడాలున తెరుచుకుంది. మెరుపు.

"నువ్వు ఇటు బయల్దేరావని తెలిసి పెద్ద సారు నీ వెనకే నన్ను పంపాడు. వచ్చి చూస్తే తాళాలు తీయిస్తున్నావట," అన్నాడు రొప్పుతూ. "వారెంటు ఉందా నీ దగ్గర? నేను మూసిన కేసు పట్టుకుని మూడు గంటలు పాకి వచ్చావా? జీపులో ఎక్కు."

"ఎక్కుతాను. ఒక్కటి చెప్పు. నువ్వు ఆ అమ్మాయితో ఎంతసేపు మాట్లాడావు?"

"పావుగంట. పద్ధతి గల పిల్ల. ఎంత శ్రద్ధగా వింది!"

"నీ పెళ్లాం వింటుందా అంతసేపు?"

"దాన్నెందుకు లాగుతావు?"

"నీ తమ్ముడు? మన పెద్ద సారు? పోనీ నీ దగ్గర దెబ్బలు తిన్న దొంగలు? నీ సోది పావుగంట పాటు అడ్డు రాకుండా విన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కరున్నారేమో ఆలోచించు గురూ. అప్పుడే నీకు అనుమానం రావాల్సింది."

మెరుపు మొహం కందగడ్డ అయింది. చెయ్యి ఎత్తబోయాడు. తలుపు దగ్గర ఆడగొంతు వినిపించి ఆగాడు.

"పిలిపించారట, ఎందుకు?"

వచ్చినావిడ పొడుగ్గా, లావుగా ఉంది. భుజం నిండా దూది పీచు. స్పర్శ విభాగానికి అధికారి ఆవిడే. హాల్లో కుర్రాళ్లంతా దూదక్క అంటారని, పిచ్చుకతో రోజూ కీచులాడి రోజూ కలిసి భోంచేసేది ఆవిడేనని కాపలాదారు చెబితే నత్తే కబురు పంపాడు.

"పిచ్చుక గురించి," అన్నాడు నత్త.

"వచ్చేసిందా? వాళ్లమ్మకి ఎలా ఉంది?"

నత్త ఆవిడ వైపు ఒక అడుగు వేశాడు.

"వాళ్లమ్మకి ఏమైంది?"

"ఏమవడమేంటి? జబ్బు చేసిందని, దగ్గరుండి చూసుకోవడానికి పిచ్చుక వారం కిందటే ఇంటికెళ్లిందని ఈయనే చెప్పారుగా." దూదక్క డైరెక్టర్ వైపు గడ్డంతో చూపించింది. "ఫోను చేద్దామంటే, పాపం కంగారులో ఉంది, వద్దన్నారు."

నత్త మెరుపు వైపు తిరిగాడు. "విన్నావా? తల్లేమో కూతురు ఇక్కడుందనుకుంటోంది. ఇక్కడివాళ్లేమో కూతురు తల్లి దగ్గరుందనుకుంటున్నారు. రెండు చోట్లా ఉన్న పిల్ల ఏ చోటా లేదు."

మెరుపు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

"ఆ అమ్మాయే అలా చెప్పమంది," అన్నాడు డైరెక్టర్. "సొంత విషయాలు. నేను..."

"అబద్ధం!" దూదక్క గొంతుకి అద్దాలు అదిరాయి. "అతుకు రెప్పపాటు దాటకూడదని నియమం పెట్టిందే పిచ్చుక. దాన్ని గంటల తరబడి సాగదీసి, వచ్చేవారం కొనడానికి వచ్చేవాళ్లకి చూపించాలని మీరు. మనుషుల్ని మోసం చేస్తే ఊరుకోను, కిటికీ పెట్టిన ప్రతి ఇంటికీ చెప్పేస్తానని అది. ఈ గదిలోనే మీరిద్దరూ అరుచుకుంటే కింద నా గది దాకా వినిపించింది. మర్నాడే అది సెలవు పెట్టింది. నేనెంత మొద్దుని!"

"క్వార్టర్‌లో దుప్పటి లేదు," అన్నాడు నత్త మెల్లిగా. "బట్టలున్నాయి, చెప్పులున్నాయి, దుప్పటి ఒక్కటే లేదు. అంటే ఎవరో ఆ అమ్మాయిని ఎక్కడో పడుకోబెడుతున్నారు."

దూదక్క తల చటుక్కున లేచింది. "కుర్చీలో దిండు ఉందా?"

"ఏ దిండు?"

"బూడిదరంగు చేతిదిండు. నా దిండు! ఒకటి వాళ్లమ్మ ఒళ్లో ఉంటుంది, జత దీని ఒళ్లో. ఇటుది నొక్కితే అటుది అదే చోట ఉబ్బుతుంది. అటుది నొక్కితే ఇటుది. చెయ్యి మీద చెయ్యి వేసినట్టు."

నత్తకి చెంప మీద కొట్టినట్టయింది. వంటింట్లో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు కానీ పెద్దావిడ ఒళ్లో ఏముందో చూడనేలేదు.

"కుర్చీ ఖాళీ. దిండు లేదు. దానికీ అతుకు ఉంటుందా?"

"దానికెక్కడిది? బొమ్మలవాళ్లు నా దిండుని లెక్క చేస్తే కదా! ఆటబొమ్మ అంటారు. టీ తాగి దాంతో మూతి తుడుచుకుంటారు. దానికి వేరే లైను, నేనే లాగాను. మనిషి నొక్కితేనే కదులుతుంది. యంత్రం నొక్కదు." మాట్లాడుతూనే ఆవిడ జేబులోంచి ఫోను తీసి ఏదో తెరిచింది. చూసింది. "పనిచేస్తోంది. ఇప్పుడు. ఈ క్షణంలో ఎవరో దాన్ని నొక్కుతున్నారు."

నత్త పెద్దావిడకి ఫోను కలిపాడు. గొంతు అందరికీ వినిపించేలా పెట్టాడు.

"పెద్దమ్మా, మీ దగ్గర బూడిదరంగు దిండు ఉందా?"

"చేతిదిండా? ఒళ్లోనే ఉంది."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు మాటల సంగతి అడిగావు కానీ చేతుల సంగతి అడగలేదుగా నాయనా. రోజూ నొక్కుతుంది. ఈ వారం మరీ ఎక్కువ. వేళ్లు విరిగిపోయేలా పట్టుకుంటోంది."

"అది నొక్కేటప్పుడు కిటికీలో పిల్ల చేతులు ఎక్కడుంటాయి?"

"చెంపల కింద పెట్టుకుని..." ఆవిడ ఆగిపోయింది. "రెండు చేతులూ చెంపల కిందే ఉన్నాయయ్యా," అంది, గొంతు పూర్తిగా మారిపోయి. "ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. మరి నా చెయ్యి పట్టుకున్నదెవరు?"

"మీ అమ్మాయే. కిటికీలో ఉన్నది కాదు. అసలుది. బతికే ఉంది. మీ చెయ్యి తీయకండి."

"రాత్రిళ్లు..." ఆవిడ వెక్కుతోంది. "రాత్రయితే మధ్యలో గుండ్రంగా ఉబ్బి అలాగే ఉండిపోతుంది. గాలి లీకవుతోందేమో, రిపేరుకి పంపాలి అనుకున్నాను."

"తల," అంది దూదక్క. కుర్చీలో కూలబడింది. "తల పెట్టుకుని పడుకుంటోంది. ఫోన్లన్నీ లాక్కున్నవాడు, మామూలు దిండే కదా అని దుప్పటితో పాటు దీన్ని కూడా లోపల పడేశాడు. దేవుడా! వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకున్నట్టే పడుకుంది ఇన్నాళ్లూ."

"ఎక్కడుందో తెలుస్తుందా?"

"దగ్గర్లో గోడకి బిగించిన లైను పెట్టె ద్వారానే దిండు మాట్లాడుతుంది. ఒక్క నిమిషం. ఇదిగో. మూగగది! ఈ భవనం అడుగునే. గొంతులు పరీక్షించడానికి కట్టాం. లోపల తుపాకీ పేలినా బయటికి వినిపించదు."

నత్త డైరెక్టర్ వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ఇంకా మెల్లగా తిరుగుతోంది.

"ఏడీ?"

మెరుపు తలుపు వైపు చూశాడు. "నీళ్లు... మంచినీళ్లు తాగొస్తానన్నాడు. దిండు మాట మొదలయ్యాక. నేనే... నేనే పక్కకి జరిగి దారిచ్చాను."

నత్త అప్పటికే తలుపు దాటాడు. అతను పరుగెత్తగా ఆఫీసులో ఎవరూ చూడలేదు. మెరుపు అతని వెనకాల, మెరుపు వెనకాల ఆయాసపడుతూ దూదక్క. నత్త చేతిలో ఫోను ఆన్‌లోనే ఉంది. మెట్ల మీద పెద్దావిడ గొంతు కొంచెం కొంచెంగా వినిపిస్తోంది.

"పట్టుకునే ఉంది... గట్టిగా... అయ్యో వదిలేసింది. కాదు. వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. చిటికెనవేలు. పక్కవేలు. ఎవరో ఊడదీస్తున్నారయ్యా, ఎవరో దాని వేళ్లు ఊడదీస్తున్నారు!"

అడుగున నడవా చివర మందపాటి ఇనుప తలుపు. లోపల గడియ పడి ఉంది. మెరుపు భుజంతో గుద్దాడు. తలుపు గోడలా నిలబడింది. నత్త చెవి ఆనించాడు. ఏమీ లేదు. చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేదు. గది కట్టినవాళ్లు తమ పని చక్కగా చేశారు.

"పెద్దమ్మా, ఏమైనా తెలుస్తోందా?"

"ఏం లేదు. చదునుగా ఉంది. అయ్యా, ఏం లేదు."

మెరుపు నడవాలోని మంటలార్పే సిలిండర్ పీకి గడియ ఉన్నచోట మోదాడు. మళ్లీ మోదాడు. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఉబ్బింది!" ఫోన్లోంచి అరుపు. "మళ్లీ ఉబ్బింది. ఇది చెయ్యి కాదే. పెద్దగా ఉంది. ఇది... నుదురు. నా అరచేతి కింద ముక్కు తగులుతోంది. మా అమ్మాయి ముక్కు నాకు తెలియదా! ముఖం బోర్లా పెట్టినట్టు... కాదయ్యా, ఎవరో అదుముతున్నారు. దిండుని దాని మొహం మీద పెట్టి అదుముతున్నారు!"

మెరుపు మోదుతూనే ఉన్నాడు, ఇనుము మీద ఇనుము.

"కొరుకుతోంది. నా చేతిని కొరుకుతోంది. పెనుగులాడుతోంది నా తల్లి. నేను పట్టుకున్నానే, వదలనే, గట్టిగా పట్టుకున్నాను..."

"వద్దు!" దూదక్క నత్త చేతిలోంచి ఫోను లాక్కుంది. "అమ్మా, చెయ్యి తీసెయ్యండి! ముందు చెయ్యి తీసెయ్యండి! మీరు అదిమితే అక్కడ ఉబ్బుతుంది. మీ బరువు కూడా దాని మొహం మీదే పడుతుంది!"



"తీస్తే," అంది తల్లి, "అది బతికుందో లేదో నాకెలా తెలుస్తుందమ్మా?"

మెరుపు చేతులు ఆగిపోయాయి. నత్త అతని చేతుల్లోంచి సిలిండర్ లాక్కుని, వెనక్కి నాలుగడుగులు వేసి, ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి గడియ మీద దించాడు. ఇనుము వంగి వెలుగు సన్నని గీతలా బయటికి వచ్చింది.

"తీసేశానయ్యా," అంది ఆవిడ, ఎంతో నెమ్మదిగా. "రెండు చేతులూ తీసేశాను. ఇక నాకేం తెలియదు. నువ్వే చూసి చెప్పు."